నిద్రలో చెప్పిన పేరు

కలకత్తాలో వాట్‌గంజ్ తెలుగు చర్చి గోడ మీద ఒక బోర్డు ఉంది. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన అని రాసి, సోమవారం నుంచి గురువారం దాకా ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేశారు. ఆ నాలుగు రోజులూ పగలు పది నుంచి మూడు దాకా లోపల జరిగేది ఒకటే, నిద్ర. బెంచీలన్నీ గోడకి జరిపి, చాపలు పరిచి, పాతికమంది దాకా ఆడవాళ్లు పడుకుని ఉంటారు. పైన ఆరు ఫ్యాన్లు తిరుగుతుంటాయి. ఏడోది తిరగదు. దాని సంగతి చర్చి కమిటీ మూడేళ్లుగా ఆలోచిస్తోంది.

వాళ్లకి కాపలా సింహాచలమ్మ. ముప్ఫై రెండేళ్లు కార్పొరేషన్‌లో వీధులూడ్చి రిటైరైన మనిషి. చర్చి తాళాలు ఆవిడ కొంగుకే ఉంటాయి. బాప్తిస్మం ఇచ్చిన రోజున అప్పటి పాస్టరు మంచి క్రైస్తవ పేరు పెడతానంటే, "సర్వీసు కాయితాల్లో పేరు మారితే మల్లీ ఆఫీసు సుట్టూ ఎవులు తిరుగుతారు బాబూ, మీరు తిరుగుతారేటి?" అని అడిగిందట. అలా కొండమీది దేవుడి పేరుతోనే ప్రభువు మందలో కుదురుకుంది. ప్రభువుకి లేని అభ్యంతరం మనకెందుకు?

ఈ నిద్ర వ్యవహారం మొదలై రెండేళ్లయింది. ఒక వానాకాలం పొద్దున, చర్చి మెట్ల మీద, గొడుగు కూడా లేకుండా, ఒక పిల్ల కూచునే నిద్రపోతోంది. వెనక సందుల్లోని మేడల పిల్ల అని చూడగానే తెలుస్తుంది. ఆ మేడల్లో గదులు తక్కువ, మనుషులు ఎక్కువ. రాత్రంతా వచ్చిపోయే మగవాళ్లతో మెలకువ, పగలు పడుకోవడానికి చోటుండదు. సింహాచలమ్మ తాళం తీసింది, చాప వేసింది, ఫ్యాన్ తిప్పింది. నువ్వెవరు, ఎక్కడినుంచి అని ఒక్క ముక్క అడగలేదు. ఆ పిల్ల ఆరు గంటలు ఒళ్లు తెలియకుండా పడుకుని, లేచి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. మర్నాడు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది.

పాస్టరు అశోక్‌కుమార్ కుర్రవాడు, పక్కనున్న ఖిదిర్‌పూర్‌లోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు ప్రసంగాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదివే రకం. అతను గుమ్మంలో నిలబడి, వరసగా పడుకున్న వాళ్లని చూసి బెంబేలెత్తాడు.

"సింహాచలమ్మ గారూ, వీళ్లకి మనం ఏదో ఒకటి చెప్పాలి కదా. ఒక పాటైనా, ఒక వాక్యమైనా."

"తొంగున్న గుంటల్ని లేపి వాక్యం సెప్తారేటి బాబూ? నిద్ర కూడా దేవుడిచ్చిందే కదా. ముందది తీసుకోనీండి."

అశోక్‌కుమార్ ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాడు. బైబిల్లో అలసిపోయి చెట్టు కింద పడిపోయిన ప్రవక్తని దేవదూత లేపింది రొట్టె తినమనే గాని ప్రసంగం వినమని కాదు కదా అనిపించింది. మర్నాడు తనే పావురొట్టెల మూట మోసుకొచ్చి పెట్టాడు. అప్పటినుంచి ఆ ఇంటికి ఒకే కట్టుబాటు: ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. మధ్యలో ఒకసారి ఎవరో పెద్దమనిషి చూడటానికొచ్చి, జాలి ఆపుకోలేక ఇద్దర్ని పేరూ ఊరూ అడిగాడు. నెల్లాళ్లు చాపలన్నీ ఖాళీ. ఆ మేడల్లో పేరు అడిగినవాళ్లెవరూ మంచికి అడిగినవాళ్లు కారు మరి.

అందుకని సింహాచలమ్మ అడిగేది కాదు, వినేది. తలుపు దగ్గర పీట వేసుకుని కూచుంటే నిద్రపోయేవాళ్ల గొంతులన్నీ వచ్చి చెవిలో పడేవి. ముర్షిదాబాద్ ఆమె నిద్రలో చోయ్ చోయ్ అని బాతుల్ని పిలిచేది. చెరువులోంచి అవి గట్టెక్కేదాకా ఆగి, మళ్లీ పిలిచేది. ఒక నేపాలీ పిల్ల ఎవరితోనో పరాచికాలాడి నవ్వేది. రేవులోంచి ఓడ కూత వినిపిస్తే అందరూ ఒకేసారి పక్కకి తిరిగేవాళ్లు. పదకొండింటికి కిటికీ పసుపు అద్దం వెలుగు మొదటి వరస కాళ్ల మీద పడేది, రెండింటికల్లా చివరి వరస జుట్ల మీదికి పాకేది. ఆ వెలుగు కింద ఎవరి ఊరు వాళ్లకి తిరిగొచ్చేది. సింహాచలమ్మకీ కళ్లు మూతలు పడేవి. ఆ బాతులు తన పాదాల పక్కనుంచే నడిచి వెళ్తున్నాయనిపించేది. లేచి చూస్తే గచ్చు పొడిగానే ఉండేది, ఆవిడకి కాస్త ఆశ్చర్యంగానే ఉండేది.

రీనా చర్చికి ఆషాఢంలో వచ్చింది. మూడో సందులో, సరిగ్గా చర్చి వెనక ఉన్న పచ్చ తలుపు మేడలోంచి, అదే మేడలో ఉండే ఒక పెద్దామె తోడుగా. ఎనిమిది నెలలు బయటికి వదలని పిల్లని అప్పుడే కాస్త నమ్మి వదులుతున్నారు. ముర్షిదాబాద్ అమ్మాయినని, ఇరవై ఏళ్లని ఎవరూ అడక్కుండానే చెప్పింది, అప్పజెప్పే పాఠంలాగా. ముఖం చూస్తే ఇరవై కాదు గదా పదిహేడు కూడా ఉండవు. సింహాచలమ్మ సరేనని తలూపి, ఫ్యాన్ కింద చాప చూపించింది.

పడుకోగానే ఆ పిల్ల చేతులు పనిలో పడ్డాయి. ఎడమచేతి రెండు వేళ్లు దేన్నో పట్టుకుంటున్నాయి, కుడిచెయ్యి దాన్ని కొట్టి చీలుస్తోంది, బొటనవేలి గోరు లోపలినుంచి ఏదో మెల్లగా తీసి పక్కన పెడుతోంది. మళ్లీ పట్టుకోవడం, మళ్లీ చీల్చడం. అంతా ఒట్టి గాలిలోనే. సింహాచలమ్మ పీట మీంచి లేచి దగ్గరికెళ్లి చూసింది. వేళ్ల కొసలు నల్లగా, పాత కాలిన మచ్చలతో బండబారి ఉన్నాయి.

 అలాంటి వేళ్లు ఆవిడ కన్నతల్లికి ఉండేవి. పలాసలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసిన వేళ్లు. పెళ్లయి కలకత్తా వచ్చి ఆ తల్లి పాతికేళ్లు వీధులూడ్చినా ఆ జీడిరసం మచ్చ పోలేదు. పోయాక పెట్టెలో పెట్టినప్పుడు కూడా అలాగే ఉన్నాయి.

కొన్ని వారాల తర్వాత ఒక సోమవారం మధ్యాహ్నం, పసుపు వెలుగు తన మెడ దాకా వచ్చాక, రీనా నిద్రలో స్పష్టంగా అంది: "అప్పా, గంప దింపు."

అక్కని అప్పా అని పిలిచే ఊళ్లు ఎక్కడున్నాయో సింహాచలమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. మూడింటికి రీనా లేచి, బెంగాలీలో వస్తాను దిదిమా, అంటే అమ్మమ్మా, అని చెప్పి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం సింహాచలమ్మకి అన్నం సయించలేదు.

మంగళవారం ఆ మేడ పెద్దామె చాప చుట్టబెడుతూ, ఎటో చూస్తూ చెప్పింది, రీనాని ఆదివారం పూనా బండి ఎక్కించి అక్కడి మేడకి పంపేస్తారట అని. చెప్పి, ఏమీ చెప్పనట్టే వెళ్లిపోయింది.

సింహాచలమ్మ ఆ పూటే ప్రేమకుమారి దగ్గరికి పరిగెత్తింది. ప్రేమకుమారి చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఇలా తెచ్చి పెట్టిన పిల్లల్ని బయటికి తీసే ఒక సంస్థలో ఉద్యోగం, న్యాయవాదులతో, పోలీసులతో రోజూ పనే. ఆమె అంతా విని కుర్చీలోంచి లేచింది.

"ఒట్టి అనుమానంతో ఏటీ కాదు పెద్దమ్మా. తలుపు కొట్టేసరికి పిల్ల వెనక దారిలో మాయమైపోద్ది. పేరు కావాలి, ఊరు కావాలి. ఇంట్లోవాళ్లు పిల్ల కనపడలేదని పోలీసులకి రాయించి ఉంటే, అది ఒక్కటి దొరికితే చాలు, ఆగమేఘాల మీద కదులుతారు. నువ్వే అడుగు, నీకు చెప్తాది."

"నానడిగితే రేపట్నించి రాదు."

"అడక్కపోతే ఆదివారం నించి రాదు."

రెండూ నిజమే. వాటి మధ్య సింహాచలమ్మ రాత్రంతా దొర్లింది. బుధవారం పొద్దున ఆవిడ ఒక పని చేసింది. అది మంచిదో చెడ్డదో ఆవిడకి ఈనాటికీ తేలలేదు, నాకూ తేలలేదు.

రీనా చేతులు గాలిలో పిక్కలు కొడుతున్నాయి. సింహాచలమ్మ పీట జరుపుకుని, ఆ పిల్ల చెవి దగ్గర వంగి, తన తల్లి మాట్లాడిన మాటతో నెమ్మదిగా పలకరించింది.

"గంప దింపినానే. సేతులు మండుతున్నాయేటి?"

చేతులు ఆగాయి. కళ్లు తెరవలేదు. "మండుతున్నాయప్పా. బూడిద రాయి."

సింహాచలమ్మ ఆ వేళ్లని తన అరచేతిలోకి తీసుకుని, లేని బూడిద రాసింది. చుట్టూ పాతికమంది ఊపిరి ఒకటే అలలా లేచి పడుతోంది. తను కూచున్నది చర్చి గచ్చు కాదు, రైలు కిటికీలోంచి తప్ప ఎన్నడూ చూడని జీడితోట అనిపించింది. ఎండుటాకుల వాసన కూడా తగిలింది.

"మనూరేటే? నాను మర్సిపోనాను."

నిద్రలోనే ఆ పిల్ల ముసిముసిగా నవ్వింది. "ఊరు మర్సిపోతారేటి? పలాస టేసన్ దాటి... పెద్ద జీడిపిక్కల పేక్టిరీ ఎనకాతల..."

"అమ్మ పేరు?"

"మంగాదేవి. బేగి రమ్మన్నాది అమ్మ."

"నిన్నేటని పిలుస్తాది?"

 ఓడ కూత వినిపించింది, అందరూ పక్కకి తిరిగారు, ఆ పిల్ల కూడా తిరిగింది. గోడవైపు ముఖం పెట్టి, ఎవరికీ చూపించని వస్తువేదో తీసి చూపించినట్టు, "అప్పలలక్ష్మి" అంది. "మామ్మ పేరు."

ఆ వెంటనే పిడికిళ్లు బిగుసుకున్నాయి. "అప్పని తేవొద్దు. నానుంటాను. నానిక్కడే ఉంటాను, అప్పని తేవొద్దు."

సింహాచలమ్మ చెయ్యి తీసేసుకుంది. బెంబేలెత్తి పీట దగ్గరికి వచ్చి పడింది. నోరు విప్పితే మీ అక్కని కూడా తెస్తామని బెదిరించి ఉంచారన్నమాట. అంత భయంతో మెలకువలో ఒక్కసారి కూడా బయటపెట్టని పేరుని, తను నిద్రలో చెయ్యి పెట్టి తీసుకుంది. పేరు దొరికిన సంతోషం కన్నా సిగ్గే ఎక్కువ కలిగింది. రీనా మూడింటికి లేచి వస్తాను దిదిమా అన్నప్పుడు, ఆవిడ ఆ పిల్ల ముఖం చూడలేకపోయింది.

పేరు చేతికి రాగానే ప్రేమకుమారి పలాసలో తెలిసిన పాస్టరుకి ఫోను చేసింది. ఆయన ఆ పేటల్లో వాకబు చేసి చెప్తానన్నాడు. గురువారం జవాబు రాలేదు. రీనా వచ్చింది, పడుకుని లేచింది, వెళ్లిపోయింది. ఇక మిగిలింది శుక్రవారం, శనివారం.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. ముప్ఫైమంది ఆడవాళ్లు, అందరూ కార్పొరేషన్‌లో పనిచేస్తున్నవాళ్లో చేసి మానేసినవాళ్లో. వీళ్లకో అలవాటుంది. ప్రార్థన విన్నపం చెప్పేటప్పుడు అన్నీ వివరంగా చెప్పాలి. జబ్బుపడ్డ మనిషి పూర్తి పేరు, తండ్రి పేరు, పెద్దాసుపత్రిలో ఏ వార్డు, ఎన్నో మంచం, తలాపి కిటికీ వైపా గోడ వైపా. నంబరు తప్పు చెప్తే దేవుడు పక్క మంచం రోగిని లేపేస్తాడేమోనన్నట్టు చెప్తారు. నవ్వకండి. ముప్ఫైయేళ్లు ఆఫీసుల్లో అర్జీలు తిరగ్గొట్టించుకున్నవాళ్లకి ఆ జాగ్రత్త వస్తుంది.

మైకు సింహాచలమ్మ దగ్గరికి వచ్చింది. ప్రేమకుమారి ఫోను మోగి బయటికెళ్లింది. మైకు అందించిన అశోక్‌కుమార్ కళ్లు మూసుకున్నాడు. మూడు రోజులుగా గుండెలో రాయిలా ఉన్నది ఆవిడకి గొంతులోకొచ్చింది.

"దేవా, నీకు అన్నీ తెలుసు, ఐనా సెప్తన్నాను. అప్పలలక్ష్మి, మంగాదేవి కూతురు, పలాస పిల్ల. జీడిపిక్కలు కొట్టుకుని బతికే గుంట. పని ఇప్పిస్తామని ఎవులో తీసుకొచ్చి పడేసినారు. ఎక్కడని కాదు ప్రభువా, ఇక్కడే, మన ఎనకాలే, మూడో సందులో పచ్చ తలుపు మేడ, రెండో అంతస్తు. ఆదివారం లోపల నువ్వు రావాల."

అంతే, హాలంతా ఒక్కసారి పొంగింది. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఆ ఊళ్లలో ఎవరో ఒకరున్నారు. అప్పలలక్ష్మిని విడిపించు ప్రభువా, మంగాదేవి కూతుర్ని విడిపించు ప్రభువా అని ముప్ఫై గొంతులు ఏడుస్తూ అందుకున్నాయి. సింహాచలమ్మ మైకు కింద పెట్టనే లేదు.

ప్రేమకుమారి తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చింది. "ఆపండి! మైకు ఆపండి! బయటికి వినబడిపోతంది!"

ఆ మైకు కలిపి ఉన్నది క్రిస్మస్ పాటలకని చర్చి పైన కట్టిన బాకాకి. తర్వాత విప్పాలని కమిటీ అనుకుంది, అనుకుంటూనే ఉంది. దాని నోరు సరిగ్గా మూడో సందు వైపు తిరిగి ఉంది.

మైకు ఆగింది. ఇంతసేపూ ఎంత గట్టిగా వినిపించిందో ఆగాకే అందరికీ తెలిసింది. సందులో రిక్షా గంట కూడా మోగడం లేదు. బెంగాలీ వాళ్లకి తెలుగు అర్థం కాదులే అని ఎవరో అన్నారు. కాని పచ్చ తలుపు మేడకి కాపలా ఉండే నరసింహం బెంగాలీవాడు కాదు, ఆ ముప్ఫైమందీ ఎరిగినవాడే.

సింహాచలమ్మ మైకు బెంచీ మీద పెట్టేసింది. ఆ పిల్ల దాచుకున్న పేరు తను దొంగిలించింది చాలక, బాకాలో పెట్టి ఊరంతా చాటింది. చాటింది దేవుడికే, కాని విన్నది నరసింహం. ఇక ఆదివారం దాకా ఆగుతారా? ఈ పూటే, ఈ గంటలోనే ఎక్కించేస్తారు. "ఓలమ్మ, ఏటి సేసినాన్నాను" అని ఆవిడ తలమీద కొంగు జారిపోయినా చూసుకోకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పడింది. ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. ముప్ఫైమందీ వెనకే లేచారు. ప్రేమకుమారి ఒక చెవికి ఫోను పెట్టుకుని పోలీసులతో మాట్లాడుతూ వాళ్ల పక్కన నడిచింది.

పచ్చ తలుపు ముందు చేరాక ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. తోచక కూచున్నారు. ఆ వీధిలో కూచోవడానికి వాళ్లకి నామోషీ లేదు, అందులో ప్రతి గజం వాళ్లు ఊడ్చిందే. ఉపవాసంతో నోళ్లు ఎండిపోయి ఉన్నాయి. అయినా మళ్లీ అందుకున్నారు, ఈసారి మెల్లగా, నిద్రపోయే పిల్లకి జోకొట్టినట్టు: అప్పలలక్ష్మి, అప్పలలక్ష్మి. మేడ మీద కిటికీలు ఒకటొకటే తెరుచుకున్నాయి. నిద్రముఖాలు బయటికి చూశాయి. మధ్యాహ్నపు ఎండ సన్నగా, పాలల్లో పసుపు కలిపినట్టుంది. కాసేపు ఆ సందు మేలుకుని ఉందో కలగంటోందో తెలియలేదు.

నరసింహం గడపలో చేతులు చాచి నిలబడ్డాడు. మేడ యజమానురాలు లోపలినుంచి అరుస్తోంది.

"ఒరే నరసింహం," అంది సింహాచలమ్మ. గొంతు పెంచలేదు. "మీ అమ్మా నానూ పదేళ్లు ఒకే సెత్తబండి తోసినాం. నువ్వు కడుపులో ఉన్నప్పుడు దాని వంతు కూడా నానే తోసినాను. సేతులు దింపు."

అతను ఆమెను చూడలేదు. ముప్ఫైమందినీ చూడలేదు. కింద గచ్చు మీద ఏదో వెతుకుతున్నట్టు తల వంచాడు. చేతులు దింపాడో, నొప్పెట్టి అవే దిగిపోయాయో గాని, దిగాయి.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దబదబా పరిగెత్తి వస్తున్న అడుగులు. సగం వేసిన జడతో, జుట్టులో దువ్వెన అలాగే ఉండగా, ఆ పిల్ల నరసింహం పక్కనుంచి వీధిలోకి వచ్చి పడింది. ముఖం వెలిగిపోతోంది. ఇంతకాలంలో ఆ ముఖంలో అలాంటి వెలుగు సింహాచలమ్మ చూడలేదు. వరసగా ఒక్కొక్క ఆడమనిషి ముఖమూ చూస్తూ వెళ్లింది. చివరి దాకా చూసి, మళ్లీ మొదటినుంచి చూసింది.

"అమ్మేదీ?" అంది తెలుగులో. "అమ్మ రానేదా?"

తన పేరు, తల్లి పేరు తన ఊరి మాటలో గాలిలోంచి వినిపిస్తే, ఏ పిల్లయినా అమ్మే వచ్చిందనుకుంటుంది.  సింహాచలమ్మ చెయ్యి పట్టుకోబోతే ఆ పిల్ల విదిలించుకుంది. కాని వెనక్కి కూడా పోలేదు. ఆడవాళ్లందరూ చుట్టూ లేచి నిలబడి, ఆమెను మధ్యలో ఉంచుకుని, చర్చి దాకా నడిపించుకొచ్చారు.

అరగంటలో పోలీసు బండి వచ్చింది. పాస్టరు గదిలో ఒక ఆడ ఇన్‌స్పెక్టరు, ప్రేమకుమారి, సింహాచలమ్మ, ఆ పిల్ల. మేడ యజమానురాలు అప్పటికే ఒక గుర్తింపు కార్డు పట్టుకుని గుమ్మంలో తయారు. పేరు రీనా, వయసు ఇరవై. పిల్ల తన ఇష్టంతోనే ఉంటోందని, చుట్టాలమ్మాయని దబాయిస్తోంది. ఆమెను బయటే ఉంచి తలుపు వేశారు.

ఇన్‌స్పెక్టరు బెంగాలీలో మెత్తగానే అడిగింది. "పేరేమిటమ్మా?"

"రీనా."

"వయసు?"

"ఇరవై."

"ఎవరు బలవంతంగా ఉంచారు?"

"ఎవరూ లేరు. నా ఇష్టంతోనే ఉన్నాను."

పాఠం పొల్లు పోకుండా అప్పజెప్పింది. ముఖంలో ఇందాకటి వెలుగు ఎక్కడా లేదు. ఇన్‌స్పెక్టరు కలం పక్కన పెట్టి ప్రేమకుమారి వైపు చూసింది. "ఇలా చెప్తే, ఆ కార్డు కూడా ఉంటే, నేనేం చెయ్యను దీదీ? పలాసనుంచి కాయితం వచ్చేదాకా ఏ ఆధారంతో ఉంచను? ఆమె నోటితో ఒక్క మాట కావాలి."

ప్రేమకుమారి ఫోను చూసుకుంది. పలాసనుంచి కబురు లేదు. బయట యజమానురాలి గాజుల చేతులు తలుపు బాదుతున్నాయి.

ఆ పిల్ల సింహాచలమ్మ వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లు లేవు, కోపం ఉంది. "నీకెవులు సెప్పినారు నా పేరు?"

అబద్ధం చెప్పొచ్చు. దేవుడు చెప్పాడనొచ్చు, అక్కడ చాలామంది నమ్మేవాళ్లు కూడా. సింహాచలమ్మ గచ్చు మీద, ఆ పిల్ల కాళ్ల దగ్గర చతికిలబడింది.

"నువ్వే సెప్పినావు తల్లీ. నిద్దట్లో. మీ అప్పలాగ మాటాడి నానడిగినాను. ఇక్కడెవులూ ఏటీ అడగరని సెప్పి, నువ్వు తొంగున్నప్పుడు అడిగినాను. తప్పే. ఆ పేరు దేవుడికి సెప్పబోయి ఈదికి సెప్పేసినాను. అదీ తప్పే. నువ్వు నన్ను తిట్టు, కొట్టు. నానేటీ అనను."

"నా కాడ అదొక్కటే ఉండేది," అంది ఆ పిల్ల.  "అన్నీ తీసేసుకున్నారు. బట్టలు తీసేసినారు, గొలుసు తీసేసినారు, ఊరు అడిగితే మార్సి సెప్పమన్నారు. ఆ పేరొక్కటీ ఎవులికీ సెప్పనేదు. ఎవులికీ తెలవకుండా రోజూ నాలోన నాను పిలుసుకునేదాన్ని. అది కూడా నువ్వు తీసేసుకున్నావు."

సింహాచలమ్మకి ఏడుపు ఆగలేదు. ముప్ఫై రెండేళ్లు ఎవరెన్ని మాటలన్నా కన్నీరు పెట్టని మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పిల్ల ఏడ్చే ఆవిడని చాలాసేపు చూసింది. తలుపు మీద దెబ్బలు ఆగి, మళ్లీ మొదలయ్యాయి.

"మా అప్పని తెస్తారు," అంది చివరికి, చిన్నగా.

ప్రేమకుమారి ఆమె పక్కన కూచుంది. "తేలేరు. మీ ఊరేదో ఇప్పుడు మాకూ తెలుసు. అక్కడ మనవాళ్లు ఉన్నారు, ఈ పొద్దే మీ గుమ్మంలో కూచుంటారు. కాని నువ్వు చెప్తేనే."

 ఆ పిల్ల జుట్టులో దువ్వెన తీసి ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు దాని పళ్లని పట్టుకున్నాయి, వదిలాయి. తర్వాత సింహాచలమ్మ భుజం మీద తట్టింది.

"లే. నిద్దట్లో అడిగినావు కదా. ఇప్పుడడుగు. మెలకువగానే ఉన్నాను."

సింహాచలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. రెండేళ్లుగా ఎవరినీ అడగకూడదని కట్టేసుకున్న నోరు తిరగడానికి కాస్త సమయం పట్టింది.

"నీ పేరేటమ్మా?"

"అప్పలలక్ష్మి," అంది ఆ పిల్ల. సింహాచలమ్మకి కాదు, ఇన్‌స్పెక్టరు ముఖంలోకి సూటిగా చూస్తూ, ఆమెకి అర్థమయ్యేలా ఒక్కొక్క అక్షరం విడదీసి. ఇన్‌స్పెక్టరు కలం తీసింది. ప్రేమకుమారి ఆ పేరు ఎలా రాయాలో వేలితో బల్ల మీద చూపించింది.

 సింహాచలమ్మ ఇక చాలన్నట్టు నోరు మూసుకుని, తల దించుకుంది.

"ఆగిపోనావేటి మామ్మా?" అంది అప్పలలక్ష్మి. "ఇంకా అడుగు."